వడపోయని రంగు

ఆయన పోయాడని తెలిసినప్పుడు నాకు ముందు కలిగింది విచారం కాదు, ఊరట. ఇలా రాయకూడదని తెలుసు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కళ్లు చెమర్చాయనో, గుండె బరువెక్కిందనో మొదలుపెట్టడం మన ఆచారం. నాకు అలాంటివేమీ కాలేదు. ఖమ్మం బస్టాండులో ఇల్లందు బస్సు కోసం నిలబడ్డ ఒక పాత కాంపౌండరు నన్ను గుర్తుపట్టి, స్లైడ్ల సారు పోయి వారమైందని చెప్పాడు. రిటైరై రెండేళ్లన్నా కాలేదట, నిద్రలోనే గుండె ఆగిందట. అయ్యో అన్నాను. అడగాల్సినవన్నీ అడిగాను. ఇంటికొచ్చి స్నానం చేసి, చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

ఎందుకంటే నా గురించిన ఒక నిజం ఈ లోకంలో ఆయనొక్కడికే తెలుసు. ఆ నిజాన్ని చివరిదాకా దాచి ఊరించే నేర్పు నాకు లేదు, ఇక్కడే చెప్పేస్తాను. నేను పేరు ముందు డాక్టర్ అని పెట్టుకుంటాను. భద్రాచలం అడవి కప్పల రక్తంలో ఒక కొత్త పరాన్నజీవిని కనిపెట్టినందుకు నాకు ఆ పట్టా ఇచ్చారు. ఆ పరాన్నజీవి లేదు. ఎప్పుడూ లేదు.

ఎనభైల మొదట్లో మాట ఇది. హైదరాబాదులో పరిశోధన చేస్తున్నాను. కప్పల రక్తంలో ఉండే పరాన్నజీవులు, వాటితో పోరాడే తెల్లకణాలు నా విషయం. మా గైడు ఈ విషయం నాకివ్వడానికి ఒకటే కారణం, నాది ఖమ్మం జిల్లా. ఆయన దృష్టిలో జిల్లా అంటే మా ఇంటి పెరడు. మాది సత్తుపల్లి వైపు. మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొలాలు కొని స్థిరపడ్డవాడు. చర్ల అడవి గురించి నాకెంత తెలుసో హైదరాబాదులో పుట్టిన మా గైడుకూ అంతే తెలుసు. అయినా వానలు పడగానే మైక్రోస్కోపు పెట్టె, రెండు వలలు, ఒక సిఫారసు ఉత్తరం పట్టుకుని చర్ల దాటాక ఉన్న ఒక ఊరి సర్కారు దవాఖానాకు బయల్దేరాను. బస్సు సగం దూరమే వెళ్లింది. మిగతా సగం ఎడ్లబండి మీద, బండి దిగబడ్డ చోటల్లా దిగి నెడుతూ. డాక్టరు ఉత్తరం చదివి, వెనక గదిలో బల్లకు ఒక వైపు కూర్చోమన్నాడు. రెండో వైపు స్లైడ్ల సారు ఉన్నాడు. తల ఎత్తలేదు.

మలేరియా స్లైడ్లు చూడటం ఆయన ఉద్యోగం. ఆ చుట్టుపక్కల అడవి ఊళ్లలో ఎవరికి జ్వరమొచ్చినా వేలి నుంచి ఒక చుక్క రక్తం గాజుపలక మీద పడి, కాగితంలో చుట్టుకుని ఆయన బల్ల మీదికి వచ్చేది. దానికి రంగు పట్టించడం, మైక్రోస్కోపులో చూడటం, ఉన్నదో లేదో రాయడం. టేకులపల్లి దగ్గరి తండాలో పుట్టాడు. ఇంటర్ చదివి, ఆరు నెలల ట్రైనింగు పొంది ఉద్యోగంలో చేరాడు. ఈ వివరం నేను మొదటి రోజే కనుక్కున్నాను. ఎదుటివాడి చదువెంతో తెలిస్తే గాని మాట్లాడలేని జబ్బు నాకు అప్పట్లో ఉండేది. ఇప్పుడు నయమైందని చెప్పను.

రెండో రోజు ఆయనే అడిగాడు, కప్పల్లో ఏం చూస్తారని. పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన చేతిలోని స్లైడు తుడుస్తూ మొత్తం విన్నాడు.

"అంటే కప్పకు జ్వరమొచ్చిందా లేదా జూడనీకి హైదరాబాదు నుంచి వచ్చినవన్నట్టు. ఈడ మనుషులకొస్తే జూడనీకి భద్రాచలం నుంచి గూడ ఎవడు రాడు సారూ."

అలా మొదలైంది మా స్నేహం, దాన్ని స్నేహం అనగలిగితే. ఆయన నోట్లోంచి ఒక మెచ్చుకోలు రావడం ఆ అయిదు నెలల్లో నేను వినలేదు. ఊళ్లు తిరిగి రక్తం చుక్కలు తీసుకొచ్చే వర్కరమ్మల్లో, స్లైడు మీద రక్తం సరిగ్గా పరవనివాళ్లు ఆయన గదికి రావాలంటే ఏడుపు మొహం పెట్టేవాళ్లు. ఇది పూతనా, వాకిట్ల ముగ్గా అని అందరి ముందూ అడిగేవాడు. ఒకామె నిజంగానే ఏడ్చింది. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని పూత ఎలా వెయ్యాలో ఇరవై సార్లు వేయించి చూపించాడు గానీ, అనవసరంగా అన్నానని మాత్రం అనలేదు. అన్నం ఒంటరిగా తినేవాడు. నేను కప్పను పట్టుకునేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంటానని దవాఖానా అంతా చెప్పి నవ్వించాడు. చాలా కష్టమైన మనిషి.

మైక్రోస్కోపులో చూసేటప్పుడు నేను ఒక కన్ను మూసేవాణ్ని. మా యూనివర్సిటీలో అందరం అలాగే చూస్తాం, ప్రొఫెసర్లతో సహా. ఆయన రెండు కళ్లూ తెరిచే చూసేవాడు. ఒకటి గొట్టంలో, రెండోది బల్ల మీద. అలా చూస్తూనే రిజిస్టరులో రాసేవాడు, ఈగను తోలేవాడు, గడప దగ్గర నిలబడింది ఎవరో చెప్పేవాడు. ఒక కన్ను మూస్తే జల్దీ అలసిపోతావు, పైగా సగమే కనబడుతుంది అని నాకు చెప్పాడు. ఇంటర్ చదివినవాడు నాకు చూడటం నేర్పుతున్నాడని ఒళ్లు మండింది. ఈ రోజుకీ నేను ఒక కన్ను మూసే చూస్తాను, పంతం కొద్దీ.

కప్ప రక్తం ఆయనకు కొత్త. మొదటి స్లైడు పెట్టగానే ఎర్రకణాల దగ్గరే ఆగిపోయాడు. కప్ప ఎర్రకణం నడుమ ముదురు రంగులో ఒక కేంద్రకం ఉంటుంది. మనిషి ఎర్రకణంలో ఉండదు, నడిమి భాగం ఖాళీ. అది వివరిద్దామని గొంతు సవరించుకునేలోపే ఆయన తేల్చేశాడు, కప్పకు ప్రతి కణంలో గింజ ఉంది, మనిషికే లేదు, అందుకే మనిషి ఇట్లా తయారయ్యాడని.

వారం తిరక్కుండా తెల్లకణాలన్నీ గుర్తుపట్టాడు. పుస్తకాల్లో వాటికి నోరు తిరగని పేర్లున్నాయి. ఆయన దవాఖానా పేర్లు పెట్టుకున్నాడు. కణమంతా కేంద్రకమే నిండి, పని జరగడానికి చుట్టూ కాస్త చోటు కూడా లేనిది డాక్టరు, అంతా తలకాయే గనక. ఒళ్లంతా ఎర్ర చుక్కలతో మెరిసిపోతూ, అవసరమున్న చోట తప్ప అన్ని చోట్లా కనిపించేది సూపర్‌వైజరు. అన్నిటికంటే పెద్దది, దారిలో దొరికిందల్లా మింగేది పైఆఫీసు. గాయమైన చోటికి అందరికంటే ముందు పరిగెత్తి అక్కడే చచ్చేది వర్కరు. మరి మీరెవరని అడిగితే, తను కణం కాదు గాజుపలక అన్నాడు.

ఆ తెల్లకణాలు ఒక్కో కప్పలో నూరు చూసి, ఏ రకం ఎన్ని ఉన్నాయో రాయాలి. దానికని హైదరాబాదు నుంచి మీటలున్న యంత్రం తెచ్చుకున్నాను. రెండో వానకే దాని మీటలు బిగుసుకుపోయాయి. ఆయన అయిదు ఖాళీ మాత్రల డబ్బాలు వరుసగా పెట్టి, నూరు చింతగింజలు నా ఒళ్లో పోశాడు. కన్ను గొట్టం మీంచి తియ్యకుండా, చేత్తో తడిమి ఏ రకానిది ఆ డబ్బాలో వెయ్యడమే. నా థీసిస్‌లో ప్రామాణిక పద్ధతిని అనుసరించాం అని రాశాను.

అన్నిటికంటే నాకు విసుగు పుట్టించేది ఆయన పొద్దుటి పని. రాగానే రంగు సీసా తీసి, గాజు గరాటాలో నాలుగు మడతల వడపోత కాగితం పెట్టి, రంగును చుక్క చుక్కగా దింపేవాడు. నిన్న వడపోసిన రంగయినా సరే, ఈ రోజు మళ్లీ. అది దిగేదాకా చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి కాగితాలు అయిపోతే రెండు రోజులు ఒక్క స్లైడు ముట్టలేదు. డాక్టరు కేకలేశాడు. రంగు దిగలే సార్ అన్నాడు, అంతే. మూడో రోజు తానే ఎటో వెళ్లి కాగితాలు సంపాదించుకొచ్చి, పేరుకుపోయిన స్లైడ్లన్నీ చీకటి పడేదాకా కూర్చుని చూశాడు. నేను నా సీసా మూత తీసి పోసుకోవడమే. పొద్దున్నే గరాటా ముందు తపస్సు చేసే తీరిక నాకెక్కడిది.

ఒక్కసారి మాత్రం ఆయన ఎగతాళి మరిచిపోవడం చూశాను. రంగు వెయ్యని పచ్చి రక్తం చుక్క మీద గాజురేకు కప్పి చూస్తుంటే ఎర్రకణాల గుంపులో ఏదో కదిలింది. పాములా మెలికలు తిరుగుతూ కణాల్ని నెట్టుకుపోయే ట్రిపనోజోమ్ అనే పరాన్నజీవి. కప్పల్లో అది మామూలే, జలగలు ఎక్కిస్తాయి. మొదటిసారి చూస్తున్నవాడికి మాత్రం మామూలు కాదు. ఆయన తన స్లైడ్లు పక్కనపెట్టి గంటసేపు దాన్నే చూశాడు. కొంతసేపటికి ఒక తెల్లకణం మెల్లగా పాకుతూ వచ్చి దానికి అంటుకుంది. అది ఎంత మెలిక తిరిగినా కణం వదల్లేదు. తెచ్చిపెట్టిన చాయ్ చల్లారిపోయింది.

"దీనికి జీతం లేదు, పేరు లేదు, ఎవడు జూడడు" అన్నాడు గొంతు తగ్గించి. "అయినా పని జేస్తున్నది జూడు."

ఆ మాట అన్నందుకు సిగ్గేసినట్టుంది, వెంటనే నా వలకు ముడి వెయ్యడం కూడా రాదని తిట్టడం మొదలుపెట్టాడు.

వానలు ముదిరాయి. ఎగువ వాగు కప్పలు అయిపోయి దిగువ వాగు కప్పల దగ్గరికి వచ్చాను. మూడో కప్ప ఎర్రకణాల మీద ముదురు ఊదా రంగులో చుక్కలు, సన్నటి పుల్లలు కనిపించాయి. ఏ పుస్తకంలోనూ లేని ఆకారం. నాలుగో కప్పలోనూ ఉన్నాయి. అయిదో కప్పలో మరీ ఎక్కువ. బొమ్మలు గీసి గైడుకు పంపించాను. మామూలుగా నా ఉత్తరానికి జవాబివ్వడానికి నెలలు తీసుకునే మనిషి పది రోజుల్లో రాశాడు. ఇది కచ్చితంగా కొత్త జాతే అన్నాడు. దీనికి తన గురువుగారి పేరు పెడదామని, ఆయన షష్టిపూర్తి దగ్గరికొస్తోంది గనక తొందరగా ముగించమని హెచ్చరించాడు. కప్ప నెత్తుట్లో బతికే పురుగుకు తమ పేరు పెడితే సన్మానమని మురిసేవాళ్లు ఈ భూమ్మీద మా పండితులే.

ఉత్తరం జేబులో పెట్టుకుని స్లైడ్ల సారును పిలిచాను. మెచ్చుకోలు కోసమే పిలిచాను, అబద్ధం ఎందుకు. ఆయన కూర్చుని, మైక్రోస్కోపు పక్కనుండే సన్నపు మర అటూ ఇటూ తిప్పి, నిమిషం కూడా చూడలేదు.

"మడ్డి" అన్నాడు.

అంటే ఏమిటని అడిగాను.

"రంగు మడ్డి సారూ. కణం సాఫ్‌గ కనబడ్డప్పుడు ఇది మసకయితది. ఇది సాఫ్‌గ కనబడ్డప్పుడు కణం మసకయితది. ఒక్క ఇంట్ల ఉండేటియైతే రెండు ఒక్కసారే కనబడాలె. ఇది ఇంట్ల లేదు, ఇంటి కప్పు మీద పడ్డది."

కణాలే లేని ఖాళీ జాగాలో కూడా అవే చుక్కలు ఉన్నాయని చూపించాడు. తర్వాత బల్ల మీది నా గ్లాసు వైపు, నా రంగు సీసా వైపు చూశాడు.

"చాయ్ వడపోసుకొని తాగుతవ్ గద. మరి రంగు గట్లనే పోస్తవేంది?"

నేను ఊరుకోలేదు. ఇన్ని చుక్కలున్నా తెల్లకణాలు ఒక్కటీ వీటి జోలికి పోవట్లేదు చూడండి, రక్షణ కణాల కళ్లుగప్పి దాక్కోగల జీవి ఇది, ఇదే దీని ప్రత్యేకత అని వాదించాను. గైడు కూడా ఆ మాటే రాశాడు.

"తెల్లకణానికి తెలుసు సారూ అది మడ్డని. నీకే తెల్వదు."

అప్పుడు నేనన్న మాట కూడా రాయాలి. పాజిటివ్, నెగిటివ్ అని రాసుకోవడం వేరు, సైన్సు వేరు, ఇవి మీకు అర్థమయ్యేవి కావు అన్నాను. ఆ మాటలో ఆయన ఇంటరూ ఉంది, ఆయన తండా కూడా ఉంది. ఆయనకు రెండూ వినబడ్డాయి. లేచి తన కుర్చీలోకి వెళ్లి, తన స్లైడు తను చూసుకున్నాడు.

పది రోజులు మాటల్లేవు. పదకొండో రోజు నాకు జ్వరమొచ్చింది. రక్తంలోని పరాన్నజీవుల మీద పరిశోధన చేసే పండితుణ్ని గనక, అది వానలో తడిసిన జలుబని నిర్ణయించుకుని దుప్పటి కప్పుకుని పడుకున్నాను. మర్నాటికి పళ్లు టకటకలాడుతున్నాయి. మాటలు తడబడుతున్నాయి. ఆయన వచ్చి, ఏమీ అడక్కుండా నా వేలు గుచ్చి, చుక్క తీసుకెళ్లాడు. అరగంటకు గోలీలతో తిరిగొచ్చి పీఎఫ్ అన్నాడు. అక్కడ ఆ మాట తెలియనివాళ్లు లేరు. మెదడుకెక్కి రెండు రోజుల్లో మనిషిని తీసుకుపోయే మలేరియా. ఆ ఏడు వానల్లో దానితో ముగ్గురు పోవడం నేనే చూశాను.

నిజమేనా, సరిగ్గా చూశారా అని అడిగాను. అంత జ్వరంలోనూ అడిగాను.

"నమ్మకపోతే మడ్డి అనుకో. గోలీలు మింగకు" అన్నాడు.

మింగాను. గుటుక్కున మింగాను. ఆయన రోజూ వేలు గుచ్చి, నా రక్తంలో ఇంకా ఎన్ని ఉన్నాయో చూసి చెప్పేవాడు. రెండు పూటలా జావ తెచ్చి మంచం పక్కన ఠక్కున పెట్టేవాడు. ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు. నాలుగో రోజు స్లైడు చూసి సాఫ్ అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను లేచి తిరగడం మొదలుపెట్టాక ఒక పొద్దున నన్ను బల్ల దగ్గరికి రమ్మన్నాడు. దిగువ వాగు కప్ప ఒకటి. దాని రక్తంతో రెండు స్లైడ్లు. ఒకదానికి నా సీసాలోని రంగు, రెండోదానికి ఆయన వడపోసిన రంగు. మొదటిదాంట్లో నా కొత్త జాతి కుప్పలు తెప్పలుగా ఉంది. రెండోదాంట్లో కప్ప రక్తం కడిగిన ముత్యంలా ఉంది. ఒక్క చుక్క లేదు. నా మైక్రోస్కోపులో చూశాను, ఆయన మైక్రోస్కోపులో చూశాను. ఏదో ఒక మాట అంటాడని కాచుకున్నాను. రెండు స్లైడ్లూ కాగితంలో చుట్టి తన సొరుగులో పెట్టుకున్నాడు.

ఆ రోజు నాకు తెలిసిపోయింది. ఏ కంటిని నా ప్రాణానికి నమ్మానో ఆ కంటినే నా పుస్తకానికి నమ్మలేదని నటించాలి, లేదా మూడేళ్ల చదువు వాగులో పారేసుకుని మళ్లీ మొదలుపెట్టాలి. గైడుకు ఒక ఉత్తరం రాశాను, రంగు వల్ల పొరపాటు జరిగి ఉండొచ్చునేమోనని, చాలా వినయంగా. టెక్నీషియన్ల అభిప్రాయాలను పరిశోధనలో ఉదహరించరు అని ఒక్క వాక్యం జవాబొచ్చింది. అదే ఉత్తరంలో షష్టిపూర్తి తేదీ కూడా ఉంది. గైడు మీద నెపం వెయ్యడానికి నాకు ఆ ఒక్క వాక్యం చాలింది. చూసింది నేను, రాసింది నేను.

బ్రహ్మాండంగా రాశాను. ఎగువ వాగు కప్పల్లో ఈ జీవి లేదు, దిగువ వాగు కప్పల్లో ఉంది, దానికి కారణం దిగువ నీళ్లలోని జలగలు అని ఒక అధ్యాయం. అసలు కారణం ఏమిటంటే ఎగువ కప్పల్ని చూసినప్పుడు నా రంగు సీసా నిండుగా ఉంది, దిగువకు వచ్చేసరికి అడుగంటి మడ్డి తేలింది. తెల్లకణాలకు చిక్కకుండా దాక్కునే దాని నేర్పు మీద ఇంకో అధ్యాయం. ఆ అధ్యాయాన్ని పరీక్షకులు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. గైడుగారి గురువుగారికి శాలువా కప్పి, పురుగు పేరు చదివి వినిపించారు. ఆయన లేచి నమస్కారం పెట్టాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నాకు ఖమ్మంలో ఒక కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వచ్చింది.

అక్కడితో ఆయన పీడ వదిలిందనుకున్నాను. వదల్లేదు. నెలకోసారి గాజుపలకలు, వడపోత కాగితాలు తీసుకెళ్లడానికి ఆయన ఖమ్మం వచ్చేవాడు. బస్టాండులోనో, చాయ్ హోటల్లోనో ఎదురయ్యేవాడు. ఏం డాక్టర్ సాబ్, మీ పురుగు పిల్లల్ని పెట్టిందా అని అడిగేవాడు. అందరి ముందూ అడిగేవాడు గానీ, మడ్డి మాట మాత్రం ఎవరి ముందూ ఎత్తేవాడు కాదు. నాతో ఉన్నవాళ్లు అది ఏదో ప్రేమతో కూడిన పరాచికమనుకుని నవ్వేవాళ్లు. నేను తేలు కుట్టిన దొంగలా నవ్వేవాణ్ని. రెండేళ్లకు ఆయన వచ్చే రోజులు కనిపెట్టి ఆ పూట బస్టాండు వైపు పోవడం మానేశాను. ఒకసారి ఆయన్ని దూరం నుంచి చూసి బట్టల కొట్లోకి దూరి, అక్కర్లేని తువ్వాలు కొనుక్కుని బయటపడ్డాను.

కాలేజీలో నా స్లైడుకు గొప్ప మర్యాద ఉండేది. పట్టా తెచ్చిపెట్టిన ఆ మూడో కప్ప స్లైడునే ఏటా డిగ్రీ మూడో సంవత్సరం పిల్లలకు చూపించేవాణ్ని. నోట్సులో పేరు చెప్పేవాణ్ని. ప్రాక్టికల్ పరీక్షలో గుర్తుపట్టాల్సిన స్లైడ్లలో అదొకటి. ఏటా అందరూ పేరు రాసేవాళ్లు. నా పురుగును మా పిల్లలు తప్ప ప్రపంచంలో ఇంకెవరూ చూడలేదు.

తొంభైల మొదట్లో ఒక ఏడు, జవాబు కాగితాలు దిద్దుతుంటే ఒకదాని దగ్గర నా ఎర్ర పెన్ను ఆగింది. ఆ స్లైడు నంబరు ఎదురుగా గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: కప్ప రక్తం. ఎర్రకణాలు, వాటిలో కేంద్రకాలు ఉన్నవి. పరాన్నజీవి లేదు. రంగు వడపోయలేదు.

సున్న వేశాను. నంబరు చూసి ఎవరా అని కనుక్కుంటే, వెనక బెంచీలో కూర్చుని ఎప్పుడూ నోరెత్తని పిల్ల. ఊరు టేకులపల్లి మండలం. తండ్రి పేరు చదివాక రిజిస్టరు మూసేశాను. బస్టాండులో నన్ను పొడవడం చాలక కూతుర్ని పంపించాడనుకున్నాను. ఆ కోపంలో ఒక రకమైన న్యాయం కూడా కనిపించింది నాకు.

ఏ స్లైడుకు ఎన్ని మార్కులో బోర్డు మీద పెట్టాం, వారం లోపలే ఆయన కాలేజీకి వచ్చాడు. మధ్యాహ్నం, స్టాఫ్‌రూములో నేనొక్కణ్నే ఉన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు. ఆ స్లైడు ఒకసారి పెట్టమన్నాడు. పెట్టాను. వంగి, రెండు కళ్లూ తెరిచి, చాలాసేపు చూశాడు. జుట్టు బాగా నెరిసింది. సన్నపు మర తిప్పే వేళ్లు మాత్రం మారలేదు.

"గట్లనే ఉన్నది" అన్నాడు తల ఎత్తి. గొంతులో ఎగతాళి లేకపోవడంతో నాకు భయమేసింది. "సున్న ఎందుకేసినవని అడగనీకి రాలే సారూ. నీ ముచ్చట నేను ఇంట్ల ఎన్నడు చెయ్యలే. చర్ల దిక్కు ఒక్క బల్ల కాడ కూసున్నమని గూడ నా బిడ్డకు తెల్వదు. నేను నేర్పి పంపిన్ననుకొని ఆ పిల్ల మీద కసి పెట్టుకుంటవేమోనని వచ్చిన. అది తానె జూసింది."

అంతే చెప్పి వెళ్లిపోయాడు. మార్కుల పట్టీ యూనివర్సిటీకి పోవడానికి ఇంకా రెండు రోజులుంది. ఒక్క గీతతో ఆ సున్నను దిద్దొచ్చు. దిద్దితే, అది మడ్డి అని నా చేత్తో నేను రాసి సంతకం పెట్టినట్టే. దిద్దలేదు. ఆ కాస్త మార్కులతో ఆ పిల్లకు ఫస్టు క్లాసు పోయింది, పైచదువుకు సీటు పోయింది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరిందని ఎవరో చెప్పారు. ఆ తర్వాత ఆయన బస్టాండులో నన్ను చూసినా పలకరించలేదు. పురుగు ఎట్లుందని అడగలేదు. నేను తువ్వాళ్లు కొనడం మానేశాను.

ఇప్పుడు ఆయన పోయాడు. నా ఊరట వారం రోజులు కూడా నిలవలేదు. మూడో రోజో నాలుగో రోజో గుర్తొచ్చింది, ఆ రెండు స్లైడ్లు ఆయన దగ్గరే ఉండిపోయాయి. కాగితంలో చుట్టి సొరుగులో పెట్టడం నా కళ్లారా చూశాను. అవి ఎవరి చేతిలో పడతాయో, ఎవరు ఏమని అడుగుతారో. పరామర్శ అని పేరు పెట్టుకుని, దినాలు అయిపోయాక ఒక ఆదివారం వాళ్ల తండాకు వెళ్లాను. చావింటికి కూడా సొంత పని మీద వెళ్లిన మనిషిని నేను.

కూతురు ఇంట్లోనే ఉంది. కొత్తగూడెంలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పని చేస్తోందట, సెలవు పెట్టి వచ్చింది. నన్ను చూసి నమస్తే సార్ అని కుర్చీ వేసింది. వాళ్లమ్మ ఒక మూల కూర్చుని ఉంది. చెప్పాల్సిన నాలుగు మాటలు చెప్పాను. స్లైడ్ల మాట ఎలా ఎత్తాలో తెలియక గోడ మీది ఫోటో వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్లే లేచి, లోపలి నుంచి చిన్న కాగితపు పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. పసుపు పచ్చబడ్డ కాగితం మీద ఆయన చేతిరాత. వడపోసినది, వడపోయనిది, ఆ కింద నా పేరు. నాన్న సామాను సర్దుతుంటే దొరికింది, మీవే అనుకుంటా సార్ అంది.

అవి చేతిలోకి వచ్చాయి గనక నేను లేచి వచ్చేయొచ్చు. వచ్చిన పని అయిపోయింది. కానీ పొట్లం మీది ఆ రెండు మాటలు చూస్తుంటే కుర్చీలోంచి లేవలేకపోయాను. ఆ పిల్లతో చెప్పాను, అప్పుడు పరీక్షలో నువ్వు రాసిందే నిజమమ్మా, అందులో పురుగు లేదు, అది మడ్డే, నేను సున్న వెయ్యడం అన్యాయం అని. ఈ సంగతి మీ నాన్నకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు అని కూడా చెప్పాను. పదహారేళ్లుగా మోస్తున్న బరువు దించుతున్నవాడిలా, కొంచెం గొప్పగానే చెప్పానేమో.

ఆ పిల్ల నా వైపు విచిత్రంగా చూసింది.

"అందరికి తెలుసు సార్" అంది. "అండ్ల ఏం లేదని మా బ్యాచుల అందరికి కనబడ్డది. బయటికొచ్చినంక మాట్లాడుకున్నం గూడ. మా సీనియర్లు ముందుగాల్నే చెప్పిండ్రు, ఆ స్లైడుల ఏం లేకున్నా ఆ పేరే రాయుండ్రి, సార్‌కు గదే కావాలె అని. వాళ్లకు వాళ్ల సీనియర్లు చెప్పిండ్రంట. మార్కులకని అందరు రాసిండ్రు. నాకే చాతకాలే."

ఆమె మాటలో ఎగతాళి లేదు. వాళ్ల నాన్న గొంతులో ఉండేటంత ఉంటే బాగుండును, నేను కూడా ఏదో ఒకటి అనేవాణ్ని. నాతో పాటు వాళ్లందరికీ తెలుసు, కప్ప తెల్లకణాలకు కూడా తెలుసు. ఏటా ఒక గదినిండా పిల్లలకు, కనబడనిది కనబడిందని రాయడం నేర్పించి పంపించాను.

ఉండండి సార్ అని ఆమె లోపలికి వెళ్లింది. కాసేపటికి గిన్నె చప్పుడు, తర్వాత తీగల జాలి గ్లాసుకు తగిలిన చప్పుడు వినిపించాయి. చాయ్ వడపోసి తెచ్చి ఇచ్చింది. పొట్లం ఒళ్లో పెట్టుకుని తాగాను.